ముందు స్ట్రట్‌ల మార్పిడికి వచ్చిన రెండు ఎస్టిమేట్లలో ఇంత తేడా ఎందుకు?

పాత సెడాన్ అడిగారు:

నమస్కారం. మా ఇంట్లో ఏడేళ్లుగా వాడుతున్న పెట్రోలు సెడాన్ ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. కొంతకాలంగా గతుకుల మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందు ఎడమ చక్రం వైపు నుంచి టక్‌టక్‌మని శబ్దం వినిపిస్తోంది. దానికి తోడు, గట్టిగా బ్రేకు వేస్తే బండి ముందు భాగం మునుపటికంటే ఎక్కువగా కిందికి వంగుతోంది. స్పీడ్ బ్రేకర్ దిగాక ఒక్క ఊపుతో కుదుటపడవలసిన బండి రెండు మూడు సార్లు ఊగి గాని నిలబడడం లేదు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించగా, ముందు ఎడమ స్ట్రట్ (స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ కలిపి చక్రం పైన నిలిపే స్తంభం) నుంచి ఆయిల్ కారుతోందని, ముందువి రెండూ వెనకవి రెండూ ఒకేసారి మార్చడం మంచిదని చెప్పి ఎస్టిమేట్ చేతికిచ్చారు. అందులో ముందు స్ట్రట్‌లు, వాటి మౌంట్‌లు (స్ట్రట్‌ను పైన బాడీకి బిగించే రబ్బరు దిమ్మలు), బేరింగులు, స్ప్రింగులు, స్టెబిలైజర్ లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ను స్ట్రట్‌కు కలిపే కడ్డీలు), వెనక షాక్ అబ్జార్బర్లు వరుసగా ఉన్నాయి. ప్రతి వరుసకూ ఎదురుగా విడిగా లేబర్ ఛార్జీ వేశారు. చివర వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేర్చారు. ఆ తర్వాత మాకు చాలాకాలంగా తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్తే, ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు స్ట్రట్‌లు రెండూ మార్చితే చాలునని, కూలితో కలిపి ఇంత అవుతుందని ఒకే మాటలో చెప్పారు. ఆ మొత్తం మొదటి ఎస్టిమేట్‌లో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే ఉంది.

ఈ రెండింటిలో ఏది న్యాయమైనదో నాకు తేలడం లేదు. కారుతున్నది ఎడమది ఒక్కటే అయినప్పుడు రెండూ ఎందుకు మార్చాలి, స్ప్రింగులూ మౌంట్‌లూ కూడా మార్చవలసిందేనా, స్ప్రింగుతో సహా బిగించి అమ్మే పూర్తి అసెంబ్లీ తీసుకుంటే ఖర్చు కలిసివస్తుందా అన్నవి నా సందేహాలు. ఈ పనిని కొన్ని నెలలు వాయిదా వేసే వీలుంటే అది కూడా చెప్పగలరు.

నట్టుబోల్టు రాశారు:

ఆ రెండు ఎస్టిమేట్లు ఒకే పనికి ఇచ్చినవి కావు, కాబట్టి వాటి చివరి అంకెలను పక్కపక్కన పెట్టి చూడడం వల్ల ఏమీ తేలదు. ఒకరు నాలుగు చక్రాల పని రాశారు, ఇంకొకరు రెండు చక్రాల పనిలో కూడా కొంత భాగమే చెప్పారు. నా ఉద్దేశంలో మొదటిదాంట్లో అవసరం లేనివి ఉన్నాయి, రెండోదాంట్లో అవసరమైనవి లేవు. మీరు చెల్లించవలసిన న్యాయమైన మొత్తం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ముందుగా ఈ పనికి కూలి ఎందుకు ఎక్కువో చూద్దాం. వెనక ఉండే మామూలు షాక్ అబ్జార్బర్‌కు బండి బరువుతో నేరుగా సంబంధం లేదు. స్ప్రింగు ఊపును అణచడం మాత్రమే దాని పని, అందుకే చాలా సెడాన్లలో పైనొకటి కిందొకటి బోల్టు విప్పితే అది బయటికి వచ్చేస్తుంది. ముందున్న మెక్‌ఫర్సన్ స్ట్రట్ అలా కాదు. 1940ల్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ అమరికలో చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే పై ఆర్మ్ అనేదే ఉండదు. స్ప్రింగును మోయడం, చక్రాన్ని నిటారుగా పట్టి ఉంచడం, స్టీరింగ్‌తో పాటు తిరగడం, ఊపును అణచడం అన్నీ ఆ ఒక్క స్తంభమే చేస్తుంది. దీనివల్ల కార్ల తయారీదారుకు విడిభాగాలు తగ్గాయి, ఇంజిన్ పక్కన చోటు మిగిలింది. అలా మిగిల్చిన ఖర్చులో కొంత భాగాన్ని కొన్నేళ్ల తర్వాత స్ట్రట్ మార్చేటప్పుడు యజమాని కడతాడన్నమాట.

ఆ పని ఎలా సాగుతుందో తెలిస్తే ఎస్టిమేట్ చదవడం తేలిక. చక్రం విప్పిన తర్వాత స్ట్రట్‌కు బిగించి ఉన్న బ్రేకు గొట్టాన్నీ ఏబీఎస్ సెన్సర్ వైరునూ తప్పిస్తారు. స్టెబిలైజర్ లింక్ రాడ్ పై నట్టు విప్పుతారు. చక్రాన్ని మోసే నకుల్‌కు స్ట్రట్‌ను కలిపే రెండు పెద్ద బోల్టులు తీస్తారు. బానెట్ కింద పైభాగాన ఉండే నట్లు విప్పి మొత్తం స్తంభాన్ని కిందికి దించుతారు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, స్ప్రింగును దాన్ని నొక్కే పనిముట్టయిన స్ప్రింగు కంప్రెసర్‌తో నొక్కిపట్టి, మధ్య నట్టు విప్పితే మౌంట్, బేరింగు, స్ప్రింగు సీటు, స్ప్రింగు, డస్ట్ కవర్, బంప్ స్టాప్ (స్ట్రట్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే మెత్తటి ముక్క) అన్నీ ఒకదాని వెంట ఒకటి చేతిలోకి వస్తాయి. చేయి తిరిగిన మెకానిక్‌కు రెండు వైపులా కలిపి మూడు నాలుగు గంటల పని. తుప్పు పట్టి బోల్టులు మొండికేస్తే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు మీ సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్‌ను మళ్లీ చూడండి. స్ట్రట్ మార్పిడికి ఒక లేబర్, మౌంట్‌కు ఒక లేబర్, బేరింగుకు ఒకటి, స్ప్రింగుకు ఒకటి, లింక్ రాడ్‌కు ఇంకొకటి వేశారని మీరే రాశారు. కొత్త స్ట్రట్ బిగించాలంటే మౌంట్‌నూ బేరింగునూ స్ప్రింగునూ విప్పి తీయకుండా కుదరదు. లింక్ రాడ్ నట్టు కూడా ఎలాగూ విప్పవలసిందే. పాత మౌంట్‌ను తిరిగి పెట్టడానికి పట్టే సమయమే కొత్త మౌంట్ పెట్టడానికీ పడుతుంది. కాబట్టి స్ట్రట్ లేబర్ ఒకసారి చెల్లించిన తర్వాత పైవాటికి విడిగా లేబర్ అడగడం ఒకే పనికి పదేపదే డబ్బు తీసుకోవడమే అవుతుంది. లింక్ రాడ్ కింది నట్టుకు కొద్దిపాటి అదనపు శ్రమ ఉంటుంది, అంతే. ఇది ఎప్పుడూ మోసమే అని అనను. ఒక్కో భాగానికి నిర్ణయించి ఉన్న పని గంటలను కంప్యూటర్ విడివిడిగా కూడి ఇస్తుంది, అతివ్యాప్తిని ఎవరో ఒకరు కూర్చుని తీసివేస్తే తప్ప అది తగ్గదు. సర్వీస్ అడ్వైజర్‌ను మర్యాదగా అడిగితే చాలాచోట్ల తీసివేస్తారు. మీ బిల్లులో నిజంగా తగ్గించదగిన భాగం ఇదే.

ఇదే లెక్కను తిప్పి చూస్తే మీ మెకానిక్ ఎస్టిమేట్‌లోని లోపం కూడా కనిపిస్తుంది. 92,000 కిలోమీటర్లు నలిగిన మౌంట్ రబ్బరునూ బేరింగునూ కొత్త స్ట్రట్ మీద తిరిగి బిగిస్తే, అవి ఏడాదికో రెండేళ్లకో పాడైనప్పుడు మళ్లీ మొత్తం విప్పి, మళ్లీ అంత కూలీ ఇచ్చి, మళ్లీ అలైన్‌మెంట్ చేయించవలసి వస్తుంది. స్ట్రట్ ధరతో పోలిస్తే ఈ చిన్న సామాన్ల ధర తక్కువ. మౌంట్, బేరింగు, బంప్ స్టాప్, డస్ట్ కవర్ ఈ నాలుగూ తప్పక వేయించండి. డస్ట్ కవర్ చిరిగి ఉంటే దుమ్ము స్ట్రట్ రాడ్ మీద చేరి, ఆయిల్ బయటికి రాకుండా ఆపే కొత్త సీలును కూడా తొందరగా తినేస్తుంది.

స్ప్రింగుల సంగతి వేరు. స్ప్రింగు డ్యాంపర్‌లాగా, అంటే ఊపును అణిచే స్ట్రట్, షాక్ అబ్జార్బర్‌లలాగా, క్రమంగా అరిగిపోయే వస్తువు కాదు. విరిగినా, పూత లేచి లోతుగా తుప్పు పట్టినా, ఒక వైపు బండి కుంగినా మారుస్తారు. సమతలమైన చోట బండిని నిలిపి, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలిచి చూడండి. రెండూ సమానంగా ఉండి, అడుగు చుట్టు విరగకుండా ఉంటే పాత స్ప్రింగులే నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఒకటి మార్చాలా రెండా అన్న ప్రశ్నకు, ముందు ఇరుసు మీద రెండూ ఒకేసారి మార్చాలన్నదే జవాబు. కొత్తది గట్టిగా, పాతది వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడూ మలుపులోనూ బండి రెండు వైపులా రెండు రకాలుగా స్పందిస్తుంది. పైగా ఇంత దూరం తిరిగిన రెండోది కూడా ఎంతో కాలం రాదు. కొత్తగా వేసిన జతలో ఒకటి తయారీ లోపంతో తొందరగా కారిన సందర్భంలో మాత్రం ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

వెనకవి పరీక్షించకుండా మార్చవద్దు. చాలా కుటుంబ సెడాన్లలో వెనక టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం, ఉంటుంది, షాక్ అబ్జార్బర్ మారిస్తే అక్కడ అలైన్‌మెంట్ మారదు. ముందు పనికీ వెనక పనికీ ఉమ్మడిగా విప్పేది ఏదీ లేదు కనుక, రెండూ ఒకేసారి చేయించినంత మాత్రాన మీకు కూలి కలిసిరాదు. పొడిగా ఉండి పనిచేస్తున్న వెనక షాక్‌లను వాయిదా వేస్తే నష్టపోయేది ఏమీ ఉండదు.

అలైన్‌మెంట్ బల్ల రాశారు:

పైన చెప్పినదానిలో పూర్తి అసెంబ్లీ గురించి మాట రాలేదు. స్ప్రింగు, మౌంట్, బేరింగు ముందే బిగించి వచ్చే అసెంబ్లీని నేను గట్టిగా సమర్థిస్తాను. దాని ధర విడి స్ట్రట్‌కంటే బాగా ఎక్కువే, కాని బల్ల మీద స్ప్రింగు నొక్కే పని మొత్తం తప్పుతుంది, కూలిలో గణనీయమైన భాగం తగ్గుతుంది. మౌంట్, బేరింగు విడిగా కొనవలసిన అవసరం ఉండదు. గంట కూలి ఎక్కువగా ఉన్న చోట ఈ రెండు దారుల ఖర్చూ దాదాపు ఒకటే అవుతుంది. కూలి తక్కువగా ఉన్న చోట మాత్రం విడిభాగాలు కొని బిగించుకోవడమే చౌక.

ఖర్చుకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. నొక్కిపట్టిన స్ప్రింగులో మనిషిని చంపగలిగినంత శక్తి నిలవ ఉంటుంది. కొందరు సరైన కంప్రెసర్ లేకుండా, రెండు కొక్కేలు తగిలించి, అవి జారితే ఏమవుతుందో పట్టించుకోకుండా పని కానిస్తారు. ఇంకొందరు మధ్య నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరగకుండా ఉండడానికి మెరిసే రాడ్‌నే ప్లయర్‌తో పట్టుకుంటారు. ఆ గీత పైకీ కిందికీ వెళ్లిన ప్రతిసారీ సీలును కోస్తుంది, కొత్త స్ట్రట్ కొన్ని నెలలకే కారడం మొదలవుతుంది, అప్పుడు నింద కంపెనీ మీద పడుతుంది. అసెంబ్లీ తీసుకుంటే ఈ రెండు ప్రమాదాలూ ఉండవు.

అయితే అన్ని అసెంబ్లీలూ మంచివని కాదు. చౌకరకం వాటిలో ఒకే స్ప్రింగును అనేక ఇంజిన్ రకాలకు సరిపెట్టి అమ్ముతారు. పెట్రోలు బండికీ బరువైన డీజిల్ బండికీ ముందు స్ప్రింగు వేరుగా ఉండాలి. అలా కాకపోతే బండి ముందు భాగం లేచినట్టో కుంగినట్టో కనిపిస్తుంది. కొనే ముందు మీ బండి ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు సరిచూడమని అడగండి.

నట్టుబోల్టు రాశారు:

అసెంబ్లీ విషయంలో నేను పూర్తిగా ఏకీభవించను. చౌక అసెంబ్లీలో ముందుగా పోయేది మౌంటే. బండితో వచ్చిన స్ప్రింగు బాగున్నప్పుడు, దాన్ని తీసేసి ఏ గట్టిదనమో తెలియని స్ప్రింగును డబ్బిచ్చి తెచ్చుకోవడం నాకు నచ్చదు. మంచి కంప్రెసర్ ఉన్న షాపు దొరికితే విడి స్ట్రట్, కొత్త మౌంట్ కిట్, పాత స్ప్రింగు అన్నదే నా సిఫారసు. స్ప్రింగు విరిగి ఉంటే, లేదా ఆ షాపులో స్ప్రింగు నొక్కే పద్ధతి చూసి మీకే భయం వేస్తే, అప్పుడు అసెంబ్లీ వైపు వెళ్లండి.

బ్రాండు గురించి కూడా ఒక మాట. కార్ల కంపెనీలు సాధారణంగా డ్యాంపర్లను స్వయంగా తయారుచేయవు. కెవైబీ, మన్రో, సాక్స్, గాబ్రియేల్ వంటి సంస్థలే చాలా కార్లకు వీటిని సరఫరా చేస్తాయి. మీ పాత స్ట్రట్ మీద ఏ తయారీదారు ముద్ర ఉందో చూసి, అదే సంస్థ తన సొంత పెట్టెలో అమ్మే భాగాన్ని కొంటే కారు కంపెనీ పెట్టెకంటే తక్కువకు రావచ్చు. లోపలి వాల్వు అమరిక రెండింటిలో అచ్చంగా ఒకటే అయి ఉండాలని లేదు, కాని కుటుంబంతో తిరిగే సెడాన్‌కు ఆ తేడా పెద్దగా పట్టించుకోవలసింది కాదు. పేరు లేని పెట్టెలను మాత్రం ముట్టవద్దు.

నిదానం రాశారు:

ఎస్టిమేట్ల చర్చలో అసలు ఫిర్యాదు పక్కకు పోయింది. మీరు మొదట చెప్పినది గతుకుల మీద వచ్చే శబ్దం. స్ట్రట్ బలహీనపడితే బండి ఊగుతుంది, బ్రేకు వేస్తే ముందుకు వంగుతుంది, టైరు మీద గుంటలు గుంటలుగా అరుగుదల కనిపిస్తుంది. కాని నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చిన్న గతుకుల మీద వచ్చే టక్‌టక్ శబ్దం చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్‌దో, పై మౌంట్‌దో, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌దో అవుతుంది. రెండు స్ట్రట్‌లూ మార్పించి, శబ్దం అలాగే ఉందని షాపువారితో తగువు పడేవారు చాలామంది. అందుకని పని ఒప్పుకోకముందే శబ్దం ఎక్కడిదో తేల్చమనండి.

లింక్ రాడ్‌ను పరీక్షించడంలో ఒక కిటుకు ఉంది. ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింక్ రాడ్‌ను బిగలాగి ఉంచుతుంది, అప్పుడు ఎంత ఊపినా వదులు తెలియదు. రెండు ముందు చక్రాలనూ సమానంగా లేపి, లేదా నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా పిట్‌లోకి దిగి, లింక్ రాడ్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ కుదిపితే, అరిగిన బాల్ జాయింట్ వేళ్లకే టక్కుమని తెలుస్తుంది. పై బేరింగుకు ఇంకొక పరీక్ష ఉంది. బండి నిలిపి ఉండగా ఒకరు స్టీరింగ్‌ను నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతుంటే, రెండో మనిషి స్ప్రింగు వెలుపలి వైపు అరచేయి ఆనించి ఉంచాలి. చుట్ల మధ్య వేళ్లు పెట్టకూడదు. స్ప్రింగు సాఫీగా తిరగకుండా ఆగి ఆగి ఒక్కసారిగా జారితే, టింగుమని శబ్దం చేస్తే, బేరింగు పట్టేస్తోందని అర్థం.

ఆయిల్ విషయంలో కూడా తొందరపడకూడదు. డ్యాంపర్ రాడ్ పైకీ కిందికీ ఆడుతున్నప్పుడు సీలును తడిగా ఉంచే కొద్దిపాటి ఆయిల్ బయటికి రావడం సహజం. పైభాగంలో సన్నటి పొరలా మసకగా కనిపించి, వేలితో రాస్తే కాస్త జిడ్డు అంటితే దాన్ని లోపంగా లెక్కించరు. స్ట్రట్ గొట్టం సగం దాకా తడిసి, దాని మీద దుమ్ము ముద్దలా పేరుకుని, తుడిచిన తర్వాత కొద్ది దూరం తిరిగేసరికి మళ్లీ తడిస్తే అది కారడం. బండి మూల మీద చేతులు పెట్టి నొక్కి వదిలే పాత పరీక్ష పూర్తిగా చచ్చిపోయిన డ్యాంపర్‌నే పట్టిస్తుంది, సగం బలం పోయినదాన్ని పట్టించదు. దాని మీద ఆధారపడి బాగుందనీ చెప్పలేము.

వాయిదా గురించి అడిగారు. మీరు రాసిన లక్షణాలను బట్టి బండి ఈ రోజే ఆగిపోదు. వేగం తగ్గించి జాగ్రత్తగా నడుపుతూ, డబ్బు సమకూర్చుకోవడానికి కొన్ని వారాలు తీసుకోవచ్చు. నెలల తరబడి మాత్రం వద్దు. ఎగుడుదిగుడు రోడ్డు మీద చక్రం నేలను వదిలి ఎగురుతుంటే బ్రేకు దూరం పెరుగుతుంది, ఈలోగా టైర్లు పాడైతే మిగిల్చిన సొమ్ము అక్కడికే పోతుంది. స్ప్రింగు విరిగినట్టు గాని, పై మౌంట్ ఊడి లేస్తున్నట్టు గాని తెలిస్తే ఇక ఒక్క రోజు కూడా నడపకూడదు.

పాత సెడాన్ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు బండిని మెకానిక్ దగ్గర రెండు చక్రాలూ లేపి చూపించాను. ఎడమ లింక్ రాడ్ పై జాయింట్ చేత్తో కుదిపితేనే వదులుగా ఆడుతోంది, దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు అంతా పోయింది. ఎడమ స్ట్రట్ మాత్రం నిజంగానే కారుతోంది, గొట్టం కింది దాకా తడిసి మట్టి అట్టకట్టి ఉంది. కుడిది పైన కాస్త మసకగా ఉంది. వెనక రెండూ పొడిగా ఉన్నాయి. స్ప్రింగులు విరగలేదు, రెండు వైపులా ఎత్తు సమానంగానే వచ్చింది.

దీన్నిబట్టి మెకానిక్‌ను కొత్త ఎస్టిమేట్ రాసిమ్మన్నాను. విడి స్ట్రట్‌లు, మౌంట్ కిట్లు, లింక్ రాడ్లు రెండేసి చొప్పున, ఒకే లేబర్ అని రాసిచ్చారు. మొదట చెప్పినదానికంటే పెరిగింది గాని సర్వీస్ సెంటర్ మొత్తంలో సగం దాటలేదు. సర్వీస్ సెంటర్ వారు కూడా అడిగిన తర్వాత మౌంట్, బేరింగుల లేబర్ తీసివేశారు, వెనకవి తర్వాత చూద్దామన్నారు. ఇప్పుడు ఇద్దరి మధ్య తేడా చాలావరకు విడిభాగాల ధరదే. అలైన్‌మెంట్ మాత్రం మెకానిక్ రాయలేదు. స్ట్రట్ తీసే ముందు బోల్టుల దగ్గర గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడికే బిగిస్తే దాని అవసరం ఉండదని ఆయన అంటున్నారు. అది నిజమేనా?

అలైన్‌మెంట్ బల్ల రాశారు:

నిజం కాదు. మీ బండిలో నకుల్‌కు స్ట్రట్ రెండు బోల్టులతో కలుస్తున్నట్టయితే, ఆ రంధ్రాల్లో ఉండే కొద్దిపాటి వదులు చక్రం వంపును, అంటే క్యాంబర్‌ను మార్చడానికి సరిపోతుంది. పైగా మీరు గుర్తు పెట్టింది పాత స్ట్రట్ మీద. కొత్త స్ట్రట్ బ్రాకెట్ వెంట్రుకవాసి అటూ ఇటూ ఉన్నా ఆ గుర్తుకు అర్థం లేదు. క్యాంబర్ మారితే దానితో పాటు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే టో కొలత కూడా మారుతుంది, టైరును త్వరగా అరగదీసేది ముఖ్యంగా ఇదే. గుర్తు పెట్టుకోవడం మంచిదే, అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్లడానికి పనికొస్తుంది. కొన్ని బండ్లలో స్ట్రట్ అడుగు భాగం నకుల్‌లో దూరి ఒకే బోల్టుతో బిగుస్తుంది. వాటిలో ఆ చోట క్యాంబర్ మారే వీలుండదు, అయినా నేను కొలతలు చూపించుకోకుండా వదలను.

ఆ ఖర్చు విడిగా వేరే షాపులో పెట్టుకున్నా ఫరవాలేదు. ముందు కొలతలు, సరిచేసిన తర్వాతి కొలతలు రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. క్యాంబర్ రెండు వైపులా పరిమితిలో ఉండి, టో సరిచేశాక కూడా స్టీరింగ్ ఒక వైపు లాగితే టైర్లను అనుమానించాలి. టైర్ల మీద ఇప్పటికే గుంటల అరుగుదల ఉంటే, సస్పెన్షన్ మొత్తం కొత్తది చేసినా ఆ గుంటల వల్ల వచ్చే హోరు శబ్దం పోదు. దాన్ని చూసి స్ట్రట్ పనికిరాలేదని అనుకోవద్దు.

నట్టుబోల్టు రాశారు:

ఇప్పుడు రాసిచ్చిన ఎస్టిమేట్ సబబుగా ఉంది. అందులో ఇంకొక చిన్న వరుస చేర్పించండి. నకుల్ బోల్టులూ నట్లూ, స్ట్రట్ మధ్య నట్టూ చాలా బండ్లలో ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదని సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. వాటి ధర మొత్తం బిల్లులో లెక్కలోకి రానంత తక్కువ.

విడి స్ట్రట్‌లు పెట్టెలో పడుకుని వచ్చినవి కనుక, బిగించే ముందు వాటిని నిటారుగా పట్టుకుని రాడ్‌ను పూర్తిగా నొక్కి, పూర్తిగా పైకి లాగి, ఇలా కొన్నిసార్లు చేయమనండి. లోపలి గొట్టంలో చేరిన గ్యాసు బుడగలు బయటికి పోయి, ఊపు అణచడంలో గ్యాపు లేకుండా పోతుంది. ఇది చేయకపోతే మొదట్లో మెత్తగా ఉండి మీకు అనవసరమైన అనుమానం వస్తుంది. ఎడమ, కుడి స్ట్రట్‌లు వేరువేరు కాబట్టి పెట్టె మీది గుర్తు చూసుకోవాలి. మధ్య నట్టును ఇంపాక్ట్ గన్‌తో కాకుండా రాడ్ తలను అలెన్ కీతో పట్టి మామూలు స్పానర్‌తో బిగించి, చివర బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో సరిచూడాలి. స్ట్రట్ దించిన తర్వాత నకుల్‌ను బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకుండా తాడుతో కట్టమని కూడా చెప్పండి. నకుల్ బయటికి ఎక్కువగా వాలితే, ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడే ప్రమాదం ఉంది, అది జరిగితే ఈ ఎస్టిమేట్‌లో లేని ఖర్చు మీద పడుతుంది.

వారంటీ మాట కూడా ముందే రాయించుకోండి. విడిభాగం తయారీదారు ఇచ్చే వారంటీ సాధారణంగా భాగానికే వర్తిస్తుంది. అది పాడైతే కొత్తది ఉచితంగా ఇస్తారు గాని, విప్పి బిగించే కూలి, మళ్లీ చేయించే అలైన్‌మెంట్ ఎవరు భరిస్తారో బిల్లు మీద లేకపోతే అవి మీవే. సర్వీస్ సెంటర్ తన కూలికి కూడా కొంతకాలం హామీ ఇస్తున్నట్టయితే, మీరు చెప్పిన ఆ మిగిలిన తేడాలో కొంత దానికి పోతోందని లెక్క వేసుకుని ఇద్దరిలో ఎవరికివ్వాలో నిర్ణయించుకోండి. పాత సామాన్లు మీకు అప్పగించాలని కూడా పని మొదలుపెట్టకముందే చెప్పండి.